ఒంటికొచ్చిన తిమ్మిరిని మనసుకి అంటగట్టకండి

ఎంఎస్ (మల్టిపుల్ స్క్లెరోసిస్, ఒంట్లోని ఇమ్యూనిటీయే మెదడు, వెన్నుపాము నరాల మీద దాడి చేసే జబ్బు) ఉన్న ఆడవాళ్ళ కోసం, వాళ్ళ ఇంట్లోవాళ్ళ కోసం హైదరాబాద్‌లో ఒక ఆదివారం పొద్దున పెట్టుకున్న సమావేశంలో ఒక న్యూరో రీహాబ్ డాక్టరుగారు మాట్లాడిన మాటలివి. రాలేకపోయినవాళ్ళు చాలామంది అడిగారు కాబట్టి రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తప్ప ఏమీ తీసెయ్యలేదు.

అందరికీ నమస్కారం. వెనక కుర్చీల్లో ఉన్నవాళ్ళకి వినపడుతోందా? బాబూ, ఆ స్టాండు ఫ్యాను కొంచెం కిటికీ వైపు తిప్పు, అక్కడ కూర్చున్నవాళ్ళ మొహానికి ఎండ కొడుతోంది, మనవాళ్ళకి వేడి పడదు కదా. ఆఁ, చాలు.

బోర్డు మీద "ఎంఎస్, ఆడవాళ్ళ ఆరోగ్యం" అని రాశారు. కాల్షియం గురించో కాన్పుల గురించో చెప్తాననుకుని వచ్చుంటారు. అలా రాయమన్నది నేనే. అసలు పేరు రాస్తే ఇంట్లో "ఎక్కడికెళ్తున్నావ్" అని అడిగినప్పుడు మీరేం చెప్తారు? అందుకని. ఇప్పుడు చెప్తున్నా, ఎంఎస్ వచ్చాక ఆడవాళ్ళకి సెక్స్ విషయంలో వచ్చే ఇబ్బందుల గురించి మాట్లాడబోతున్నాం. కలవడం అంటా, సెక్స్ అంటా, శరీర భాగాల పేర్లు కూడా చెప్తా, పేరు లేకుండా వైద్యం చెప్పలేను కదా. ఉండలేం అనుకున్నవాళ్ళు బయటికెళ్ళొచ్చు, టీ ఉంది, నేనేమీ అనుకోను. ఎవరూ లేవట్లేదు. మంచిది.

ముందు ఒకావిడ గురించి చెప్తా. ఊరు చెప్పను, కొన్ని వివరాలు మార్చా, చెప్పొచ్చా అమ్మా అని అడిగితే "ఇంకొకరికి పనికొస్తే చెప్పండి మేడం" అంది. పెళ్ళయి ఆరేళ్ళు, ఎంఎస్ అని తెలిసి మూడేళ్ళు. భార్యాభర్తలిద్దరూ వచ్చారు, కాళ్ళు బిగుసుకుపోతున్నాయని. టేబుల్ మీద పడుకోబెట్టి మోకాళ్ళు పట్టుకుని మెల్లగా పక్కలకి జరపబోయా. ఒక జానెడు వెళ్ళాయి, అంతే, రెండు తొడలూ ఒక్కసారిగా దగ్గరకొచ్చేసి కత్తెరలా పట్టేశాయి, నా చెయ్యి మధ్యలో ఇరుక్కుంది. "సారీ మేడం, నేను చెయ్యట్లేదు, అవే వచ్చేస్తున్నాయి" అంది. అప్పుడు పక్కన నిలబడ్డ భర్త మొహం చూశాను. తెల్లగా పాలిపోయింది. "ఇది జబ్బు వల్లనా మేడం?" అన్నాడు. అవునయ్యా, దీన్ని స్పాస్టిసిటీ అంటాం, వెన్నుపాములో దెబ్బ తగిలితే కండరం ఇలా తనంతట తనే బిగుసుకుంటుంది అన్నాను. అతను పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు.

ఎందుకో తెలుసా? రెండేళ్ళుగా, రాత్రి అతను దగ్గరకెళ్ళిన ప్రతిసారీ ఆ కాళ్ళు అలాగే మూసుకుపోతున్నాయి. నేనంటే ఇష్టం పోయింది, అందుకే కాళ్ళు ముడుచుకుంటోంది అనుకున్నాడు. ఆమేమో ఇంత జబ్బు మనిషిని చేసుకున్నాడు పాపం, ఆ కాస్త సుఖం కూడా ఇవ్వలేకపోతున్నా అనుకుంది. అతను వెళ్ళి హాల్లో పడుకోవడం మొదలుపెట్టాడు. ఆమె లోపల గదిలో. రెండేళ్ళు. ఒక్క మాట అనుకోలేదు ఈ విషయం మీద.

ఇందులో నా తప్పు కూడా ఉంది, అది చెప్పకుండా ముందుకెళ్ళలేను. అంతకు ముందు మూడుసార్లు వాళ్ళు నా దగ్గరికే వచ్చారు. మూడుసార్లూ ఆ కాళ్ళు చూశా, బిగుతు ఎంతుందో స్కోరు రాసుకున్నా, బిగుతు తగ్గించే బాక్లోఫెన్ బిళ్ళ డోసు పెంచా, నడక ఎలా ఉంది మెట్లు ఎక్కగలుగుతున్నావా అని అడిగా. రాత్రి మంచం మీద ఈ కాళ్ళు నిన్ను ఏం చేస్తున్నాయమ్మా అని అడగలేదు. ఆ రోజు నుంచి అడుగుతున్నా. ప్రతి ఒక్కరినీ అడుగుతున్నా.

అడిగితే తెలిసింది ఏంటంటే, ఇంచుమించు ప్రతి ఇంట్లోనూ జరుగుతున్నది ఇదే. ఒంటికి వచ్చిన తిమ్మిరిని మనసుకి అంటగడుతున్నాం. భర్త అంటగడుతున్నాడు, భార్య తనకి తానే అంటగట్టుకుంటోంది, మేం డాక్టర్లం కూడా టెన్షన్ తగ్గించుకోమ్మా అని చెప్పి పంపించేస్తున్నాం.

ఒకమ్మాయి నన్ను సూటిగా అడిగింది. మేడం, చెయ్యి మొద్దుబారితే ఎంఎస్ అన్నారు, కన్ను మసకబారితే ఎంఎస్ అన్నారు, నడుస్తుంటే కాలు ఈడుస్తున్నా అంటే అదీ ఎంఎస్సే అన్నారు, మరి అక్కడ స్పర్శ తెలియట్లేదంటే మాత్రం మనసు ప్రశాంతంగా ఉంచుకో అంటారేంటి? నా దగ్గర సమాధానం లేదు. అది న్యాయమైన ప్రశ్న. ఈ జబ్బుకి ఒక పేరు పెట్టి, మెదడులో వెన్నుపాములో మచ్చలు చూపించి, పారిస్‌లో షార్కో అనే ఆయన 1868లో వివరించాడు. 150 ఏళ్ళు దాటింది. ఈ నూటయాభై ఏళ్ళలో మనం కళ్ళు చూశాం కాళ్ళు చూశాం యూరిన్ చూశాం, దీని దగ్గరికి వచ్చేసరికి తల దించుకున్నాం.

నరాల మీద ఉండే మైలిన్ అనే పొర గురించి, ఇమ్యూనిటీ మన నరాల మీదే దాడి చెయ్యడం గురించి మీకు మళ్ళీ చెప్పను, ఈ హాల్లో ఉన్నవాళ్ళకి నాకన్నా బాగా తెలుసు. ఒక్క దారి మాత్రం చూపిస్తా. మన వెన్నుపాము చివర్లో, నడుం దగ్గర, ఎస్2 ఎస్3 ఎస్4 అని మూడు చోట్లున్నాయి. మూత్రం ఆపుకోవడం, విరేచనం ఆపుకోవడం, ఆడవాళ్ళకి కింద స్పర్శ తెలియడం, క్లిటోరిస్‌కి రక్తం చేరడం, తడి రావడం, వీటిలో ఎక్కువ భాగం అక్కడి నుంచి బయల్దేరే నరాల పనే. అంటే మూత్రం నరాలూ సెక్స్ నరాలూ ఇరుగు పొరుగు. కాబట్టి ఎవరికైనా యూరిన్ అర్జెంటుగా వచ్చేస్తోంది, ఆపుకోలేకపోతున్నా అంటే, ఆ పక్కింట్లో కూడా ఇబ్బంది ఉండే అవకాశం చాలా ఎక్కువ. వెన్నుపాములో మచ్చ చివర్లోనే ఉండక్కర్లేదు, మెడ దగ్గరున్నా సరే, పైనుంచి కిందకి వెళ్ళే కబురు మధ్యలో ఆగిపోతుంది. మనసులో కోరిక ఉంటుంది, కబురు కిందకి చేరదు. అర్థమవుతోందా? కోరిక ఉంది. కబురు చేరలేదు. బయట నుంచి చూసేవాళ్ళకి కోరికే లేనట్టు కనపడుతుంది.

ఇది ఎంతమందికి ఉంటుంది అంటే, పరిశోధనల్లో 40 నుంచి 80 శాతం దాకా కనపడుతుంది, ఎవరిని అడిగారు ఎలా అడిగారు అన్నదాన్ని బట్టి అంకె మారుతుంది. 40 అనుకున్నా కూడా, మీ వరసలో అటు చివర నుంచి ఇటు చివర దాకా చూసుకోండి, పదిమంది కూర్చుంటే నలుగురు. ఆడవాళ్ళకి ఎంఎస్ మగవాళ్ళ కన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ వస్తుందని తెలుసు, అదీ 20 నుంచి 40 ఏళ్ళ లోపు, అంటే పెళ్ళి, పిల్లలు, కాపురం, అన్నీ ఉండే వయసులో.

అమెరికాలో ఫ్రెడరిక్ ఫోలీ అని ఒక సైకాలజిస్టు, ఆయన తోటివాళ్ళు దీన్ని మూడు పొరలుగా చూశారు. మొదటిది ఇప్పుడు చెప్పుకున్నాం, నరం నేరుగా దెబ్బతినడం. కోరిక తగ్గడం, స్పర్శ మొద్దుబారడం, ఒక్కోసారి ముట్టుకుంటే మంట, తడి లేకపోవడం, భావప్రాప్తి అని పేపర్లలో రాస్తారే అది చాలా ఆలస్యంగా రావడం లేదా అసలు రాకపోవడం. ఇది ఒక పొర.

రెండో పొర దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతా, ఎందుకంటే మనం రేపటి నుంచే ఏదో ఒకటి చెయ్యగలిగేది ఇక్కడే. ఎంఎస్ వల్ల వచ్చే వేరే లక్షణాలు సెక్స్‌కి అడ్డం రావడం. నీరసం. దీన్ని నీరసం అనడం కూడా తప్పేమో, ఇంట్లోవాళ్ళు మాకూ ఉంటుందిలే నీరసం అంటారు. సాయంత్రం 6 అయ్యేసరికి ఎవరో స్విచ్ తీసేసినట్టు ఉంటుంది మేడం అని ఒకావిడ చెప్పింది, అదీ ఎంఎస్ నీరసం. మరి మన ఇళ్ళల్లో మొగుడూ పెళ్ళాలకి ఏకాంతం దొరికేది ఎప్పుడు? వంట, పిల్లల హోంవర్కు, అత్తగారి మందులు, గిన్నెలు, అన్నీ అయ్యాక రాత్రి 11కి. అప్పటికి ఈ మనిషిలో ఏం మిగిలింది? అందుకే నేను చెప్పేది, రాత్రే కలవాలని ఏ శాస్త్రంలో రాశారు? మీకు ఓపిక ఉండేది ఎప్పుడో చూసుకోండి. చాలామందికి పొద్దున బాగుంటుంది. పొద్దున పాలు, కాఫీలు, క్యారేజీలు కుదరదు అంటే, ఒక జంట ఆదివారం మధ్యాహ్నం పెట్టుకున్నారు, పిల్లలు డ్రాయింగ్ క్లాసుకెళ్ళిన గంటన్నర. ముందు ఆవిడ ఒక గంట పడుకుంటుంది. అంతే, అంత చిన్న మార్పు. ప్లాన్ చేసుకుని కలవడం ఏంటి మేడం, నాటకంలా అని మొదట్లో ఇద్దరికీ సిగ్గేసిందట. పెళ్ళికి ముహూర్తం పెట్టుకోలేదా, దీనికి పెట్టుకోడానికి ఏంటి?

వేడి. ఇది మన ప్రాంతానికి చాలా ముఖ్యం. ఒళ్ళు శ్రమపడితే ఎంఎస్ ఉన్నవాళ్ళకి చూపు కాసేపు మసకబారుతుందని జర్మనీలో ఊథాఫ్ అనే కంటి డాక్టరు 1890లోనే రాశారు, ఒంటి వేడి కొంచెం పెరిగినా పాత లక్షణాలు ఇలా పైకి తేలతాయని తర్వాత తెలిసింది. మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో కరెంటు పోయిన రాత్రి ఎలా ఉంటుందో మీకు నేను చెప్పాలా? కలిసినప్పుడు ఒళ్ళు వేడెక్కుతుంది. ఒకమ్మాయికి కలిసిన వెంటనే కన్ను మసకబారింది. రిలాప్స్, అంటే జబ్బు మళ్ళీ తిరగబెట్టడం, వచ్చేసిందని భయపడి తెల్లవార్లూ ఏడ్చింది, ఆ తర్వాత ఆరు నెలలు భర్తని దగ్గరికి రానివ్వలేదు. ఆ మసక అరగంటలో పోయింది, కానీ ఆ భయం పోలేదు. వినండి, ఇది అందరూ గుర్తుపెట్టుకోండి, సెక్స్ వల్ల రిలాప్స్ రాదు. ఒళ్ళు చల్లబడగానే తగ్గిపోయేది రిలాప్స్ కాదు. కొత్త లక్షణం వచ్చి, జ్వరం ఇన్ఫెక్షన్ లాంటివేమీ లేకుండా 24 గంటలు దాటి అలాగే ఉంటే అప్పుడు డాక్టరుకి ఫోన్ చెయ్యండి. మిగతాదానికి ముందు చన్నీళ్ళ స్నానం, ఫ్యానో కూలరో, తడిగుడ్డతో మెడ తుడుచుకోవడం చాలు.

ఇక మూత్రం సంగతి. ఒకావిడ పరుపు మీద దుప్పటి కింద ప్లాస్టిక్ షీటు వేసుకుంటుంది, రాత్రి తడుస్తుందని. ఆవిడ అన్న మాట, "మేడం, ఆయన కొంచెం ఇటు జరిగితే ఆ షీటు కరకరమంటుంది, ఆ చప్పుడు వినగానే నేనేంటో నాకు గుర్తొచ్చేస్తుంది, ఇంక ఒళ్ళు చల్లారిపోతుంది." ఆ చప్పుడు నేను ఎప్పుడూ ఊహించలేదు. మేం ఏం చేశామంటే, షీటు తీసేసి దాని బదులు మెత్తటి గుడ్డ పైకి ఉండే వాటర్‌ప్రూఫ్ ప్యాడ్ వేసుకోమన్నాం, చప్పుడు రాదు. కలిసే ముందు బాత్రూంకి వెళ్ళి రావడం, కాథెటర్ అనే సన్నటి గొట్టం పెట్టుకుని ఖాళీ చేసుకునే అలవాటున్నవాళ్ళు అప్పుడే ఖాళీ చేసుకోవడం, ఒకటి రెండు గంటల ముందు నుంచి నీళ్ళు కాఫీ తగ్గించడం. గంట రెండు గంటలే అన్నా, రోజంతా నీళ్ళు మానేయమనలేదు. మన ఆడవాళ్ళు బయటికెళ్ళాలంటే రోజంతా నీళ్ళు మానేస్తారు, దాంతో ఇన్ఫెక్షన్ వస్తుంది, దాంతో ఎంఎస్ ఇంకా ఇబ్బంది పెడుతుంది. ఇంకోటి, ఒకవేళ మధ్యలో కొంచెం లీక్ అయితే ఏం చేద్దాం అన్నది ముందే ఇద్దరూ మాట్లాడుకోండి. పక్కన ఒక టవల్ పెట్టుకోండి. ముందే అనుకున్నది జరిగితే అంత సిగ్గు ఉండదు.

కాళ్ళ బిగుతుకి, మొదట చెప్పిన జంటకి ఏం చేశామో చెప్తా. ఆవిడ వేసుకునే బిళ్ళ టైము మార్చాం, కలవడానికి ఒక గంట ముందు పడేలాగ. డోసు మేమే చూసి మార్చాం, మీ అంతట మీరు ఎక్కువ వేసుకోవద్దు, మానెయ్యనూ వద్దు, బాక్లోఫెన్ హఠాత్తుగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు. దానికి ముందు పది నిమిషాలు మెల్లగా కాళ్ళు సాగదీసే ఎక్సర్‌సైజులు, అవి ఆ భర్తకే నేర్పాం. తర్వాత వెల్లకిలా పడుకోకుండా పక్కకి తిరిగి పడుకోమన్నాం, మోకాళ్ళ మధ్య దిండు, భర్త వెనక వైపు. వెల్లకిలా పడుకుని కాళ్ళు పక్కలకి తెరిస్తేనే ఆ బిగుతు బాగా పుడుతుంది, పక్కకి తిరిగి మోకాళ్ళు మడిస్తే చాలామందికి తగ్గుతుంది. ఇంత మాత్రం చెప్పడానికి నాకు నాలుగో విజిట్ దాకా పట్టింది.

మందుల గురించి రెండు మాటలు. డిప్రెషన్‌కి ఇచ్చే కొన్ని మందులు, ఎస్సెస్సారై అంటారు, అవి కోరికని తగ్గిస్తాయి, భావప్రాప్తిని ఆలస్యం చేస్తాయి. మూత్రం ఆపడానికి ఇచ్చే ఆక్సీబ్యుటినిన్ లాంటివి నోరు ఎండబెడతాయి కదా, తడి ఉండాల్సిన మిగతా చోట్ల కూడా ఎండబెట్టొచ్చు. నరాల నొప్పికి ఇచ్చే ప్రెగాబలిన్, గాబాపెంటిన్ మత్తుగా ఉంచుతాయి. ఇవన్నీ అవసరమైన మందులే. కానీ మార్చగలిగినవి ఉన్నాయి, టైము జరపగలిగినవి ఉన్నాయి. మీరు చెప్తేనే మేం మారుస్తాం. చెప్పకుండా మానేస్తే రెండు రకాలా నష్టం.

తడి లేకపోవడానికి నీళ్ళతో చేసిన లూబ్రికెంట్ జెల్, మందుల షాపులో దొరుకుతుంది, ప్రిస్క్రిప్షన్ అక్కర్లేదు. షాపులో అడగడానికి సిగ్గైతే ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి, లేదా ఆయన్ని పంపండి, ఆయన కూడా కొంచెం సిగ్గుపడనీ. కొద్దిగా కాదు, బాగానే రాసుకోవాలి, ఎండిపోతే మళ్ళీ రాసుకోవాలి. మన ఇళ్ళల్లో కొబ్బరినూనె వాడతారు, నాకు తెలుసు. కండోమ్ వాడుతుంటే మాత్రం నూనె వద్దు, వేసిలిన్ వద్దు, రబ్బరు పాడై చిరుగుతుంది. నెలసరి ఆగిపోయినవాళ్ళకి లోపల రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీం ఉంటుంది, అది గైనకాలజిస్టుని అడిగి వాడాలి.

మగవాళ్ళ బిళ్ళ మాకు పనిచేస్తుందా అని అడుగుతారు, సిల్డెనాఫిల్, అదే వయాగ్రా. 2004లో ఎంఎస్ ఉన్న 19 మంది ఆడవాళ్ళ మీద చేసిన ఒక పరిశోధన ప్రచురించారు. తడి విషయంలో కొంత ఉపయోగం కనపడింది, భావప్రాప్తి విషయంలో పెద్దగా లేదు. కాబట్టి దాని మీద ఆశ పెట్టుకుని డబ్బులు ఖర్చు పెట్టొద్దు, ఎవరో ఇచ్చారని వేసుకోవద్దు.

స్పర్శ మొద్దుబారిన చోట వైబ్రేషన్ కొంతమందికి పనిచేస్తుంది. చేత్తో ముట్టుకుంటే అందని కబురు గట్టిగా అదిరితే అందొచ్చు. వైబ్రేటర్ అనే మాట వినగానే కొంతమంది కిందకి చూస్తున్నారు. కళ్ళజోడు పెట్టుకున్నప్పుడు కిందకి చూశారా? కర్ర పట్టుకున్నప్పుడు? నరం సరిగ్గా పనిచెయ్యనప్పుడు వాడే వస్తువు అది. స్పర్శ తక్కువున్న చోట కాబట్టి ఎక్కువసేపు ఒకేచోట పెట్టొద్దు, ఒరుసుకుపోయినా తెలియదు.

పెల్విక్ ఫ్లోర్ ఎక్సర్‌సైజులు, అంటే మూత్రం ఆపుకునే కండరాన్ని బిగించి వదలడం. బ్రెజిల్‌లో ఎంఎస్ ఉన్న ఆడవాళ్ళ మీద చేసిన పరిశోధనల్లో మూత్రం ఇబ్బందితో పాటు సెక్స్ ఇబ్బందీ తగ్గింది. కానీ యూట్యూబ్ చూసి మొదలుపెట్టొద్దు. ఎంఎస్‌లో కొందరికి ఆ కండరం వదులుగా ఉంటుంది, కొందరికి ఇప్పటికే బిగుసుకుని ఉంటుంది. బిగుసుకున్నవాళ్ళు ఇంకా బిగిస్తే నొప్పి పెరుగుతుంది, వాళ్ళు నేర్చుకోవాల్సింది వదలడం. ఏది మీదో ఒక ఫిజియోథెరపిస్టు చూసి చెప్పాలి.

ఇప్పుడు మూడో పొర. మనసు, సంసారం. దీన్ని చివర పెట్టింది కావాలనే. ఎందుకంటే అందరూ దీంతోనే మొదలుపెట్టి దీంతోనే ఆపేస్తారు. అలాగని ఇది చిన్నది కాదు. ఎంఎస్ ఉన్నవాళ్ళలో దాదాపు సగం మందికి ఎప్పుడో ఒకప్పుడు డిప్రెషన్ వస్తుంది. స్టెరాయిడ్లకి మొహం ఉబ్బి, ఇంజెక్షన్లకి తొడల మీద గుంటలు పడి, అద్దం ముందు చీర కట్టుకోడానికే ఇష్టం లేనప్పుడు, ఎవరైనా ముట్టుకుంటే బాగుండు అని ఎలా అనిపిస్తుంది?

భర్తలు వచ్చారు ఇవాళ, ఏడెనిమిది మంది కనపడుతున్నారు, చాలా సంతోషం. అన్నయ్యా, మీ కష్టం కూడా నాకు తెలుసు. ఒకావిడ అన్నది, "ఆయన నర్సు అయిపోయాడు, నేను పేషెంటు అయిపోయా, ఆ మొగుడూ పెళ్ళాం ఎటు పోయారో మేడం." పొద్దున డయపర్ మార్చి, స్నానం చేయించి, రాత్రికి అదే చేత్తో ప్రేమగా దగ్గరికి తీసుకోవాలంటే మగాడికి కూడా కష్టమే, అది అతను చెడ్డవాడు కాబట్టి కాదు. ఆ పనుల్లో కొన్నైనా ఇంకొకరికి అప్పగించండి, వాళ్ళమ్మకో వదినకో, డబ్బులుంటే అటెండెంటుకో. అది కుదరకపోతే మధ్యలో విరామం ఇవ్వండి. దుప్పటి మార్చండి, ఆవిడ నైటీ మార్చుకుని తల దువ్వుకునే టైమివ్వండి, కాసేపు జబ్బు తప్ప ఇంకేదైనా మాట్లాడండి.

ఇంకో మాట గట్టిగానే చెప్తా. స్పర్శ లేదు కదా తనకేం తెలుస్తుందిలే అని ఆమె వద్దన్నా ముందుకెళ్ళేవాళ్ళు ఉన్నారు. నా దగ్గర ఏడ్చినవాళ్ళున్నారు. నొప్పి తెలియకపోయినా జరిగింది తెలుస్తుంది. వద్దంటే వద్దు. అలాగే అమ్మా, ఆయన వదిలేస్తాడేమో, పుట్టింటికి పంపేస్తారేమో అన్న భయంతో పళ్ళు బిగించి ఒప్పుకుంటున్నవాళ్ళు కూడా ఉన్నారు. ఆ భయం గాల్లోంచి రాలేదు, పంపేసిన కుటుంబాలని నేను చూశాను. కానీ పళ్ళు బిగించి చేసేదాంతో మీ ఒళ్ళు ఆ మంచాన్నే చూసి భయపడటం నేర్చుకుంటుంది, తర్వాత దాన్ని విడిపించడం చాలా కష్టం.

ఇంటికెళ్ళి చెయ్యగలిగిన ఒక పని చెప్తా. దీన్ని బాడీ మ్యాపింగ్ అంటారు, ఇందాక చెప్పిన ఫోలీగారు వాళ్ళు వాడినదే. ఒక 15, 20 నిమిషాలు, ముందు మీరొక్కరే. తల నుంచి పాదం దాకా మెల్లగా ముట్టుకుంటూ వెళ్ళండి, వేళ్ళతో, అరచేత్తో, మెత్తటి గుడ్డతో, ఒక్కోచోట తేలిగ్గా, ఒక్కోచోట గట్టిగా. ఎక్కడ బాగుంది, ఎక్కడ ఏమీ తెలియలేదు, ఎక్కడ చిరాకేసింది. మొదటి కొన్నిసార్లు కింది భాగాల జోలికి వెళ్ళొద్దు. ఎంఎస్ వచ్చాక మీ ఒంటి పటం మారిపోయింది, పాత పటం పట్టుకుని తిరిగితే దారి దొరకదు. ఒకావిడకి మెడ వెనక, చెవి కింద, మోచేతి మడతలో, ఎంఎస్ రాకముందు లేనంత హాయి తెలిసింది. నలభై ఏళ్ళు ఈ మోచెయ్యి నాతోనే ఉంది కదా మేడం, ఎప్పుడూ చెప్పలేదు అంది. తర్వాత ఆ పటం భర్తకి చూపించాలి. ఆ రోజు కలవడం ఉండదని ఇద్దరూ ముందే ఒప్పందం చేసుకోవాలి, అప్పుడే భయం లేకుండా ముట్టుకోనిస్తారు.

డాక్టరుని ఎలా అడగాలి అంటారా? అమెరికాలో యానన్ అనే సైకాలజిస్టు 1976లో ఒక పద్ధతి రాశారు, సెక్స్ సమస్యకి సాయం చెయ్యడంలో నాలుగు మెట్లు. పై మెట్లు ఎక్కాల్సినవాళ్ళు తక్కువ. మొదటి మెట్టు ఏంటో తెలుసా? అనుమతి. ఈ విషయం ఇక్కడ మాట్లాడొచ్చు అని డాక్టరు చెప్పడం. అంతే. ఆ ఒక్కటీ మేం ఇవ్వట్లేదు. మేం ఇవ్వకపోతే మీరే తీసుకోండి. మీ కుర్చీ మీద ఒక కాగితం పెట్టాం చూడండి, 19 ప్రశ్నలు, ఎంఎస్ వాళ్ళ కోసమే 2000లో తయారుచేసిన ప్రశ్నావళి, మనం తెలుగులో మామూలు మాటల్లో రాసుకున్నాం. గత ఆరు నెలల్లో ఫలానా ఇబ్బంది అడ్డం వచ్చిందా, ఎప్పుడూ లేదు అంటే 1, ఎప్పుడూ ఉంటుంది అంటే 5. నోటితో ఏమీ చెప్పక్కర్లేదు. నింపి, ఎంఆర్ఐ రిపోర్టుతో పాటు ఫైల్లో పైన పెట్టి ఇవ్వండి. 4లూ 5లూ చూశాక అడగకుండా ఉండటం ఏ డాక్టరుకైనా కష్టం.

సరే, డబ్బాలో చీటీలు వేశారు, టైము లేదు, ఒక్కటే చదువుతా. "నాకు 24, పెళ్ళి కాలేదు, నడుం కింద స్పర్శ సరిగ్గా లేదు, సంబంధాలు చూస్తున్నారు, చెప్పాలా వద్దా."

అమ్మా, నువ్వెవరో నేను వెతకను, అందరినీ చూస్తూ చెప్తా. ఎంఎస్ ఉందని పెళ్ళికి ముందు చెప్పాలి, ఇది నా గట్టి అభిప్రాయం. ఇంట్లోవాళ్ళు దాచేద్దాం అంటారు, కానీ ఫ్రిజ్‌లో ఇంజెక్షన్లు ఎన్నాళ్ళు దాస్తావు? పెళ్ళిచూపుల్లో పదిమంది ముందు వద్దు, అబ్బాయితో విడిగా, రెండోసారో మూడోసారో మాట్లాడినప్పుడు. స్పర్శ సంగతి మాత్రం అతనికీ నీకూ మధ్య విషయం, మీ పిన్నికీ వాళ్ళ మేనత్తకీ అక్కర్లేదు, అది పెళ్ళి కుదిరాక, నీకు నమ్మకం కుదిరాక చెప్పొచ్చు. ఈ మధ్యే రిలాప్స్ వచ్చి ఉంటే ఆ స్పర్శ కొన్ని నెలల్లో కొంత తిరిగి రావచ్చు కూడా. ఎంఎస్ వల్ల పిల్లలు పుట్టకపోవడం అనేది ఉండదు. కానీ టెరిఫ్లునమైడ్ లాంటి కొన్ని ఎంఎస్ మందులు వాడుతున్నప్పుడు గర్భం రాకూడదు, పెళ్ళి కుదరగానే మందుల గురించి న్యూరాలజిస్టుతో మాట్లాడు. ఇందాక చెప్పిన బాడీ మ్యాపింగ్‌కి పెళ్ళయి ఉండక్కర్లేదు, నీ ఒళ్ళు నువ్వు తెలుసుకోడానికి ఇంకొకరు రావాలా?

మిగతా చీటీలు నా దగ్గరే ఉంటాయి. ఒంటిగంట దాకా పక్క గదిలో కూర్చుంటా, ఒక్కొక్కరే రండి, జంటగా రావాలంటే జంటగా రండి. వీల్‌చైర్ పడుతుంది, కొలిపించాను. ఆ గదికి లోపలి వైపు గడియ కూడా ఉంది.